పాత సైకిలును చదవడం, బాగుచేయడం

విద్యాలయాలలో పాతబడిన వస్తువులకు ఒక నిర్ణీతమైన గతి ఉన్నది. విరిగిన బల్లలు, తుప్పు పట్టిన బీరువాలు, తిరగని పంకాలు మొదట ఒక మూలకు చేరతాయి. కొంతకాలానికి ఆ మూల నిండుతుంది. అప్పుడు తూకపు లెక్కన అమ్మివేస్తే స్థలమైనా కలిసివస్తుందని ఎవరో ఒకరు సూచిస్తారు. ఆ సూచనలో తప్పేమీ లేదు. మన కళాశాల వెనుకనున్న రేకుల షెడ్డులో అటువంటి సామగ్రి నడుమ ఒక సైకిలు కూడా ఉన్నది. దానిని ఇనుము కింద జమకట్టి అమ్మవలెనా, ఉంచవలెనా అన్న ప్రశ్న ఈ విద్యాసంవత్సరంలో తలెత్తింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ మేము, మా విద్యార్థులు కొందరు నేర్చుకొన్న సంగతులను ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాము.

తెలుగు బోధించేవారికి సైకిళ్ళతో పని ఏమిటని పాఠకులు అడుగవచ్చు. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు మొదట ప్రతిని ఉన్నది ఉన్నట్లు చదువుతాడు. ఏది మూలమో, ఏది లేఖకుని దిద్దుబాటో, ఏది తరువాతివారి చేర్పో విడదీసి చూస్తాడు. ఆ తరువాతనే కలం పడతాడు. పాత సైకిలు విషయంలోనూ వరుస ఇదే: ముందు చదవాలి, తరువాత తాకాలి. ఈ వరుస తప్పినందువల్ల కలిగే నష్టాన్ని మేము స్వయంగా అనుభవించి ఉన్నాము.

మేము చేసిన పొరపాటు

మా తాతగారు అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఒక వర్తకుని వద్ద గుమాస్తాగా పనిచేశారు. వారి సైకిలు మా తండ్రిగారికి, వారి నుండి మాకు సంక్రమించింది. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ముగించి ఉద్యోగంలో చేరిన తొలి నెలలలో, తండ్రిగారిని సంతోషపెట్టాలన్న ఉత్సాహంతో, ఆ సైకిలును రంగులు వేసే ఒక దుకాణంలో అప్పగించి, “కొత్తదానిలా చేయండి” అన్నాము. పనివారు చెప్పినట్లే చేశారు. పాత రంగంతా గీకి, గరుకు కాగితంతో రుద్ది, నల్లని నిగనిగలాడే రంగు పూసి ఇచ్చారు. దోషం వారిది కాదు, అడిగిన మాటదే.

ఆ సైకిలు పై గొట్టం మీద తాతగారు సన్నని కుంచెతో, తెల్లని ఎనామిల్ రంగుతో, తమ పేరును ఉర్దూలో వ్రాసుకొన్నారు. దాని పక్కనే తెలుగులో ‘అనకాపల్లి’ అని వ్రాశారు. ఒక వ్రాత కుడి నుండి, మరొకటి ఎడమ నుండి బయలుదేరి గొట్టం నడుమ కలుసుకొనేవి. చిన్ననాడు ఆ గొట్టం మీదనే కూర్చుని బడికి వెళ్ళిన మేము, ఆ అక్షరాలను ఎన్నడూ వస్తువుగా లెక్కించలేదు. సైకిలు ఇంటికి వచ్చిన నాడు మా తండ్రిగారు చాలాసేపు మాటాడలేదు. చివరకు గొట్టాన్ని వేళ్ళతో తడిమి, “మా అబ్బాజాన్ పేరు ఇక్కడుండేది కదరా” అన్నారు. తాతగారి చేతివ్రాత మా ఇంట మరెక్కడా లేదు.

రంగు పోతే మళ్ళీ వేయవచ్చు, చక్రం వంగితే సరిచేయవచ్చు. సైకిలు మీది గుర్తు ఒకసారి పోతే దానిని తిరిగి తేగలవారు లేరు. పునరుద్ధరణ అంటే కొత్తదిగా చేయడమని భ్రమపడితే, తుప్పు మిగిల్చినదానిని మనమే తుడిచివేసినవారమవుతాము.

సైకిలు మనదాకా వచ్చిన తీరు

ఒక సైకిలును గుర్తుపట్టాలంటే అది ఏయే ఊళ్ళలో తయారై ఉండవచ్చునో స్థూలంగా తెలిసి ఉండాలి. రెండు సమానమైన చక్రాలు, వెనుక చక్రాన్ని త్రిప్పే చైను గల నేటి రూపానికి మార్గం వేసినది ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చిన ‘రోవర్’ సైకిలు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరును రూపొందించడంతో ఆ వాహనానికి మెత్తదనం చేకూరింది. కొద్ది ఏళ్ళలోనే నాటింగ్‌హామ్‌లో ర్యాలీ, కొవెంట్రీలో రడ్జ్, బర్మింగ్‌హామ్‌లో బి.ఎస్.ఎ. వంటి సంస్థలు లోకమంతటికీ సైకిళ్ళు పంపసాగాయి. 1910లో క్రేన్ సోదరులు బర్మింగ్‌హామ్‌లో స్థాపించిన హెర్క్యులిస్ సంస్థ చవక ధరతో సామాన్యుని చేరింది. మన దేశంలో పాతకాలపువారు ‘ఇంగ్లండు బండి’ అని గౌరవంగా చెప్పుకొనేది వీటినే.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పరిస్థితి మారింది. 1949లో మద్రాసు శివారు అంబత్తూరు కేంద్రంగా టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడి హెర్క్యులిస్ సైకిళ్ళను ఇక్కడే తయారుచేయసాగింది. 1950ల ఆరంభంలో పశ్చిమ బెంగాలులోని ఆసన్‌సోల్ వద్ద సేన్-ర్యాలీ కర్మాగారం వెలసింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు ఆరంభమయ్యాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు అనకాపల్లి కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే కావడం చేత, మద్రాసులో తయారైన సరుకు మన ప్రాంతానికి పరాయిది కాదు.

ఆ దశాబ్దాలలో సైకిలు హోదాకు, అవసరానికి రెండింటికీ చిహ్నం. బడిపంతులు, తపాలా బంట్రోతు, బెల్లం కొట్టు గుమాస్తా, పాలవాడు అందరూ దానిమీదనే తిరిగారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటు సభ్యులై ఉండి కూడా ఢిల్లీలో సైకిలు మీదనే సభకు వెళ్ళడం తెలుగువారు నేటికీ చెప్పుకొనే సంగతి. సొంత సైకిలు లేనివారికి గంటల లెక్కన అద్దెకిచ్చే దుకాణాలు ఊరూరా ఉండేవి. మన సముదాయంలో ఎన్నో కుటుంబాలు అట్టి దుకాణాలమీదనే బ్రదికాయి.

చదవవలసిన చోట్లు

పాత సైకిలు చేతికి రాగానే చాలామంది తల గొట్టం మీది బిళ్ళను మాత్రమే చూస్తారు. అది అవసరమే, కాని చాలదు. బిళ్ళను రెండు మరలు విప్పి మరొక సైకిలుకు బిగించవచ్చు. పేరు ఒకటైనా తయారీ వేరు కావచ్చు. రడ్జ్ పేరును 1943లో ర్యాలీ సంస్థ కొన్నది. బి.ఎస్.ఎ. సైకిళ్ళ వ్యాపారం 1957లో దాని చేతికే వచ్చింది. అందుచేత ఆ సంవత్సరాల తరువాతి సైకిలు మీద పేరు ఏదైనా, వంశం ఒకటే కావచ్చు. ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పరాదన్న న్యాయం ఇక్కడా వర్తిస్తుంది.

రెండవ సాక్షి పెడళ్ళ వద్దనున్న పెద్ద పళ్ళచక్రం. పూర్వపు తయారీదారులు దానిలోనే తమ ముద్రను కోయించేవారు. మూడు కొంగ తలలు కనిపిస్తే అది ర్యాలీ పద్ధతి. చాచిన అరచేయి ఉంటే రడ్జ్. మనుష్యాకృతులు వరుస తీరి ఉంటే హంబర్. అక్షరాలే ఆకులుగా బి.ఎస్.ఎ. అని ఉంటే వేరే చెప్పనక్కరలేదు. ఆ సంస్థ బిళ్ళ మీద మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ ఉంటుంది, ఏలయనగా అది మొదట ఆయుధాలు చేసిన సంస్థ. హంబర్ మేలురకం సైకిళ్ళలో ముందు ఫోర్కు ఒక్కొక్క పక్క రెండేసి సన్నని గొట్టాలతో ఉండడం మరొక గుర్తు.

మూడవ సాక్షి మెరుగు. 1930 ప్రాంతం వరకు మెరుపు భాగాలకు నికెల్ పూత వేసేవారు. ఆ తరువాత క్రోమియం వ్యాపించింది. నికెల్‌ది కొద్దిగా పసుపు తిరిగిన వెచ్చని తెలుపు, క్రోమియంది నీలి ఛాయ గల చల్లని తెలుపు. రెండు చెంచాలను పక్కపక్కన పెట్టి చూచినవారికి ఈ భేదం సులభంగా తెలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో లోహాల కరవు వలన మెరవవలసిన భాగాలకు కూడా నల్లరంగే పూశారు. కాబట్టి హ్యాండిలు నల్లగా ఉన్నంత మాత్రాన దానిని తరువాత ఎవరో పాడుచేశారని తొందరపడి గీకరాదు.

నాలుగవది అంకెలు. ఫ్రేము నంబరు సీటు కింది కీలు మీదనో, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగుననో చెక్కి ఉంటుంది. మూడు గేర్లుండే స్టర్మీ-ఆర్చర్ వెనుక హబ్బు ఉంటే తేదీ మరింత సులభంగా దొరుకుతుంది. 1936లో ప్రవేశపెట్టిన ‘ఎ.డబ్ల్యు.’ రకపు హబ్బుల మీద, ముఖ్యంగా యుద్ధానంతరం, తయారైన సంవత్సరపు చివరి రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. 52 అని ఉంటే ఆ హబ్బు 1952 నాటిది. అది హబ్బు తేదీ మాత్రమేనని, సైకిలు తేదీ కాకపోవచ్చునని మరువరాదు. చక్రాలు మారుతాయి గదా!

అయిదవది ఆకుల లెక్క. ఇంగ్లీషు పద్ధతి సైకిలుకు ముందు చక్రంలో 32, వెనుక చక్రంలో 40 పోకులుంటాయి. మన దేశపు పెద్ద సైకిళ్ళు ఈ లెక్కనే అనుసరించాయి. రెండింటా 36 ఉంటే ఆ చక్రాలు వేరొకచోటి నుండి వచ్చి ఉండవచ్చు. సీటు, దీపం, గంట వంటి చిన్న వస్తువుల మీద కూడా పేర్లుంటాయి. బర్మింగ్‌హామ్‌లో బ్రూక్స్ సంస్థ చేసిన తోలు సీటు, అదే నగరపు లూకాస్ సంస్థ చేసిన దీపం తరచుగా కనిపించే మేలైన భాగాలు.

ఆఖరిది, మా దృష్టిలో మొదటిది, యజమానుల గుర్తులు. పూర్వం సైకిలుకు పన్ను కట్టి లైసెన్సు బిళ్ళ తగిలించుకొనవలసి ఉండేది. సంవత్సరం వేసిన ఆ చిన్న లోహపు బిళ్ళ సైకిలు ఏ ఊర ఎప్పుడు తిరిగిందో చెప్పే రసీదు. రంగుతో వ్రాసిన పేర్లు, దుకాణదారుని చీటీ, కమ్మరి అతికిన అతుకు, ఇవన్నీ తయారీదారు ఎరుగని చరిత్ర. ఇంగ్లండులోనో మద్రాసులోనో ఒకే అచ్చున వేలకొలది తయారైన సైకిళ్ళలో ఒకటి మనదయ్యేది ఈ గుర్తుల వలననే.

షెడ్డులోని సైకిలు

ఈ జ్ఞానంతో మన షెడ్డులోని సైకిలును వెలికి తీశాము. దుమ్ము, సాలెగూళ్ళు, మీద పడిన సున్నపు చినుకులు తప్ప మొదట ఏమీ కనిపించలేదు. తల గొట్టం మీద బిళ్ళ లేదు, రెండు రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. ఒక విద్యార్థి ఉత్సాహంతో, “సార్, ఇది తప్పకుండా ఇంగ్లండు బండే. అమ్మితే లక్షలు వస్తాయి” అన్నాడు. మరొకడు అప్పటికే గరుకు కాగితం తెచ్చి సిద్ధంగా ఉన్నాడు. దానిని ముందుగా మా జేబులో పెట్టుకొన్నాము.

పట్టణంలో చిరకాలంగా సైకిళ్ళు బాగుచేస్తున్న ఒక వృద్ధ ఉస్తాదును సాయం కోరగా వారు దయతో వచ్చారు. విద్యార్థులు అందించిన పానాను పక్కన పెట్టించి, సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, “మాస్టారుగారూ, బండిని ముందు కంటితో విప్పాలండి. పానా తరవాత” అన్నారు. ఈ ఒక్క మాటకు మేము చదివిన పరిష్కరణ సూత్రాలన్నీ సరితూగుతాయి.

తడి దూదితో సీటు గొట్టాన్ని మెల్లగా తుడవగా బంగారు రంగు అక్షరాలు కొన్ని బయటపడ్డాయి. అరిగిన వాటిని కూడబలుక్కొని చదువగా హెర్క్యులిస్ పేరు, దాని కింద మద్రాసు పేరు తేలాయి. అది ఇంగ్లండు బండి కాదు, అంబత్తూరు బండి. విద్యార్థుల ముఖాలు చిన్నబోయాయి. ఉస్తాదు మాత్రం నవ్వి, “చిన్నబోతారేం బాబూ? ఆ బండ్లు ఇక్కడివాళ్ళ చేతుల్లో పుట్టాయి. మా నాన్న వీటిమీదే పని నేర్చుకున్నాడు” అన్నారు.

తరువాతి పరిశీలనలో వెనుక చక్రం వేరొక సంస్థదని, సీటు ఇటీవలిదని, పెడళ్ళు రెండూ రెండు జాతులవని తేలింది. వెనుక క్యారియరు దుకాణంలో కొన్నది కాదు, కమ్మరి బద్దీ ఇనుముతో చేసినది. మామూలు క్యారియరు కంటె జానెడు వెడల్పు. పూర్వం ఇక్కడ పనిచేసిన అటెండరుగారు తపాలా సంచులను, పరీక్ష కాగితాల కట్టలను దానిమీదనే తెచ్చేవారని విశ్రాంత అధ్యాపకులొకరు గుర్తుచేశారు. ఆయన కట్టల కొలతకే ఆ క్యారియరు చేయించుకొన్నారట. ఫోర్కు కింద తుప్పులో కలిసిపోయి ఒక లైసెన్సు బిళ్ళ కూడా దొరికింది. అనకాపల్లి 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైంది, 2022లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. ఊరు పురపాలక సంఘంగా ఉన్ననాటి ఆ బిళ్ళ మన కళాశాల చరిత్రకు ఒక చిన్న శాసనం వంటిది.

బజారులో ఈ సైకిలుకు లక్షలు రావు. కాని దీనిని తూకానికి వేస్తే పోయేది కొన్ని కిలోల ఇనుము కాదన్నది అప్పటికి అందరికీ స్పష్టమైంది.

బాగుచేయు విధానం

చదవడం ముగిసిన తరువాతనే పని మొదలుపెట్టాలి. మొదట అన్ని పక్కల నుండి ఛాయాచిత్రాలు తీయాలి. ఏ భాగాన్ని ఏ వరుసలో విప్పామో నోటుపుస్తకంలో వ్రాయాలి. విప్పిన మరలను, వాషర్లను విడివిడిగా డబ్బాలలో వేసి చీటీలు అంటించాలి. ఇది ఆలస్యమనిపించినా, తిరిగి బిగించేటప్పుడు ఈ ఆలస్యమే మనలను కాపాడుతుంది.

పట్టుకొనిపోయిన మరలను బలంతో తిప్పరాదు. పలుచని నూనె వేసి ఒక రాత్రి ఉంచి, మరునాడు ప్రయత్నించాలి. రెండు చోట్ల మర ఎదురు దిశలో ఉంటుందని విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవాలి. ఎడమ పెడలుకు, అలాగే చైను వైపున్న ఇరుసు కప్పుకు ఎడమ మర ఉంటుంది. ఈ సంగతి తెలియక వదులు చేస్తున్నామనుకొని బిగించి విరుగగొట్టినవారు ఎందరో ఉన్నారు. పెడలు క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే కాటరు పిన్నును తీసేటప్పుడు క్రాంకు కింద గట్టి ఇనుప గొట్టాన్ని ఆనించి, నట్టును పిన్ను చివరి దాకా వదులు చేసి, సుత్తితో ఒక్క నిండు దెబ్బ వేయాలి. ఆనుడు లేకుండా పది చిన్న దెబ్బలు వేస్తే పిన్ను వంగుతుంది, లోపలి బాల్సు గుంతలు పడతాయి.

ర్యాలీ సైకిలును బాగుచేసేవారికి ఒక హెచ్చరిక. నాటింగ్‌హామ్ ర్యాలీ సైకిళ్ళలో పెడళ్ళ ఇరుసు కప్పులకు అంగుళానికి 26 మరచుట్లు ఉంటాయి. ఇతర ఇంగ్లీషు పద్ధతి సైకిళ్ళలో ఉండేవి 24. బజారులో దొరికే మామూలు కప్పును ర్యాలీ ఫ్రేములో బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేము మర శాశ్వతంగా పోతుంది. స్కేలు పెట్టి లెక్కించడానికి పట్టేది రెండు నిముషాలు.

శుభ్రం చేయడంలో మృదువైన దానితో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి ముందుకు వెళ్ళాలి. రంగు మీద తడి దూది, చాలకపోతే కొద్ది సబ్బునీరు. బంగారు అక్షరాల మీద, గీతల మీద థిన్నరు, పెట్రోలు తగులనీయరాదు, అవి అక్షరాలతో సహా కరిగిస్తాయి. చైను, ఫ్రీవీలు, బాల్సు ఉండే కప్పులను కిరసనాయిలుతో కడగవచ్చు. ఇత్తడి బిళ్ళ ఉంటే మన ఇండ్లలోని చింతపండు గుజ్జు చాలు, కాని బిళ్ళ మీద రంగు నింపి ఉంటే ఆ చోట చింతపండు కూడా వద్దు. పైపై తుప్పు పట్టిన క్రోమియాన్ని అల్యూమినియం రేకు ఉండను నీటిలో తడిపి మెల్లగా రుద్దితే మెరుపు చాలవరకు తిరిగివస్తుంది.

బాగా తుప్పు తిన్న ఇనుప భాగాలకు చెరకు నుండే ఒక మందు ఉన్నది. 1913 నుండి చెరకు పరిశోధన సాగుతున్న, బెల్లం మార్కెట్టుకు పేరొందిన మన ఊరివారు ఈ సంగతి విని సంతోషిస్తారు. చక్కెర తయారీలో మిగిలే నల్లని మొలాసిస్‌ను ఒక పాలుకు తొమ్మిది పాళ్ళ నీటితో కలిపి, అందులో తుప్పు పట్టిన భాగాలను ఒకటి రెండు వారాలు నానబెడితే, తుప్పు వదులై విడిపోతుంది, మంచి లోహం చాలావరకు చెక్కుచెదరదు. మొలాసిస్‌లోని పదార్థాలు తుప్పులోని ఇనుమును పట్టి నీటిలోనికి లాగడమే దీనిలోని రహస్యం. వాసన భరింపరానిది కనుక ఆరుబయట, మూత వేసి ఉంచాలి. అల్యూమినియం, తోలు, రంగు నిలుపుకోదలచిన భాగాలు అందులో వేయరాదు. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి, లేనిచో గంటల్లోనే కొత్త తుప్పు మొలుస్తుంది.

బాల్సును ఒకటి అరా కాక జట్టుగా మార్చాలి. అరిగిన వాటి మధ్య కొత్తది వేస్తే బరువంతా దానిమీదనే పడుతుంది. పెడళ్ళ ఇరుసుకు పక్కకు 11 చొప్పున, వెనుక చక్రానికి పక్కకు 9 చొప్పున పావు అంగుళపువి, ముందు చక్రానికి పక్కకు 10 చొప్పున 3/16 అంగుళపువి సాధారణంగా పడతాయి. బిగించిన తరువాత ఇరుసు తేలికగా తిరగాలి, కాని పక్కలకు ఊగరాదు. ఈ రెంటికీ నడుమనున్న బిగువును కనిపెట్టడం పుస్తకం వలన రాదు, చేతికే తెలియాలి. మా విద్యార్థులలో ఒకనికి అది పదునాలుగవ ప్రయత్నంలో తెలిసింది.

తోలు సీటును నూనెలో ముంచేవారున్నారు. అట్లు చేస్తే తోలు మెత్తబడి జోలెవలె వ్రేలాడుతుంది. మైనము, కొవ్వు కలిసిన లేపనాన్ని పలుచగా రాసి, ముక్కు కిందనున్న మరను కొద్ది కొద్దిగా బిగిస్తే చాలు.

రంగు విషయం అన్నిటికంటె చివర రావాలి. పాత రంగు సగమైనా నిలిచి ఉంటే దానిని మైనంతో కాపాడడమే మంచిది. రంగు పూర్తిగా పోయినచోట మాత్రమే, అదే ఛాయతో, అవసరమైనంత మేర వేయాలి. పాతకాలపు రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నది కనుక పొడిగా గీకి ఆ ధూళిని పీల్చరాదు. ఇక తొక్కదలచిన సైకిలైతే ఫోర్కు మెడ వద్ద పగుళ్ళు, కడ్డీ బ్రేకుల రబ్బరులు, టైర్ల పక్కలు పరీక్షించకుండా రోడ్డు మీదికి తేరాదు. చరిత్ర మీద గౌరవం ఎంత ఉన్నా, ప్రాణం మీద అంతకంటె ఎక్కువ ఉండాలి.

తరువాత చేర్చిన భాగాలను ఏమి చేయాలి? అన్నిటినీ తీసివేసి మొదటి నాటి భాగాలే వెదకి బిగించాలని కొందరంటారు. మా సైకిలు విషయంలో మేము వేరుగా నిర్ణయించుకొన్నాము. ప్రమాదకరమైన వాటిని మార్చాము. తక్కినవి ఉంచాము. కమ్మరి చేసిన క్యారియరును తుప్పు తీసి, నూనె రాసి, యథాస్థానంలో బిగించాము. అది తయారీదారు ఇచ్చినది కాదు, నిజమే. ఆ అటెండరుగారి చాకిరికి మన కళాశాలలో మిగిలిన నిదర్శనం అదొక్కటే.

మనవి

పుణే నగరంలో విక్రమ్ పెండ్సేగారు పాత సైకిళ్ళకు ఒక ప్రదర్శనశాలనే నెలకొల్పారు. అంతటి ప్రయత్నం మన వంటి చిన్న కళాశాలకు సాధ్యం కాదు, అవసరమూ కాదు. ఒక సైకిలును, దాని పక్కన దాని కథను రెండు భాషలలో వ్రాసిన ఒక పలకను గ్రంథాలయ వరండాలో ఉంచడానికి ఆరడుగుల చోటు చాలు. యాజమాన్య సంఘం పెద్దలు ఈ చోటును అనుగ్రహించవలసినదిగా కోరుతున్నాము.

2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది. సేన్-ర్యాలీ అంతకు పూర్వమే చరిత్రలో కలిసింది. నిన్నటి సామాన్య వస్తువు నేడు అపురూపమవుతున్నది. దానిని బాగుచేయగల చేతులు అంతకంటె వేగంగా అరుదవుతున్నాయి. మాకు సాయపడిన ఉస్తాదు కుమారులెవరూ ఈ వృత్తిలో లేరు. మా విద్యార్థులు నలుగురు ఇప్పుడు ఆదివారాలు వారి దుకాణంలో కూర్చుంటున్నారు. వారు మెకానిక్కులు కానక్కరలేదు. ఒక వస్తువును పారవేసే ముందు, మార్చే ముందు ఒకసారి నిదానించి చూడడం వారికి అలవాటైతే చాలును.

విద్యార్థినీ విద్యార్థులారా, మీ ఇంటి పెరటిలోనో, మేడమెట్ల కిందనో ఇటువంటి సైకిలు ఒకటి ఉండవచ్చు. గరుకు కాగితం చేతపట్టక ముందు తడిగుడ్డతో పై గొట్టాన్ని మెల్లగా తుడిచి చూడండి. అక్కడ ఎవరి పేరైనా ఉంటే మొదట చదవండి. చదవడం రాకపోతే ఇంటిలోని పెద్దవారిని పిలిచి చదివించుకొనండి. మేము ఆ పని చేయలేదు.